పరుగునకు తగిన ప్రమాణమేది?

ఉన్నత పాఠశాల తరగతులలో దూరము, కాలము, వడి అను అధ్యాయము ముగియునప్పటికి విద్యార్థి నాలుకపై ఒక సూత్రము మాత్రము స్థిరపడి యుండును. గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లుగా మార్చవలెనన్న 5/18 చేత గుణింపవలెను; వెనుకకు మార్చవలెనన్న 18/5 చేత గుణింపవలెను. సూత్రములో తప్పు లేదు. కిలోమీటరునకు 1000 మీటర్లు, గంటకు 3600 సెకనులు. మొదటి సంఖ్యను రెండవ దానిచే భాగించి కుదించిన 5/18 వచ్చును. దీనితోనే ప్రమాణముల పాఠము పూర్తియైనదని భావించుటలో తప్పున్నది. రైలుబండి, మోటారుకారు, తుపానుగాలి, పరుగు పందెగాడు ఒకే పట్టికలో వరుసగా నిలిచియుండగా, విద్యార్థి యంత్రము వలె మార్పిడి చేసి మార్కులు తెచ్చుకొనుచున్నాడు. ఏ సందర్భమునకు ఏ ప్రమాణము తగును, ఏల తగును అను ప్రశ్న పాఠములో గాని ప్రశ్నపత్రములో గాని సాధారణముగా కనబడదు.

ఈ లోపము ఎక్కడ బయటపడునో చూచుటకు మైదానమునకు పోవలెను. 2022లో తెలంగాణ పోలీసు కానిస్టేబులు నియామకములలో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషముల 15 సెకనులలో పరుగెత్తవలెనను నిబంధన ఉండెను. ఇట్టి పరీక్షకు సిద్ధమగు యువకుడు తన పాఠశాల చదువును ఉపయోగించినాడనుకొందము. 7 నిమిషముల 15 సెకనులు అనగా 435 సెకనులు. 1600ను 435 చే భాగింపగా సెకనుకు 3.68 మీటర్లు, దానిని గంటకు మార్చగా 13.24 కిలోమీటర్లు. లెక్క నిర్దుష్టము. పరీక్షాపత్రములో పూర్తి మార్కులు వచ్చును. కాని తెల్లవారుజామున బాటపై నిలిచిన వానికి ఈ రెండు సంఖ్యలలో ఒక్కటియు అక్కరకు రాదు. తాను గంటకు 13 కిలోమీటర్ల వడితో పోవుచున్నాడో 15 కిలోమీటర్ల వడితో పోవుచున్నాడో కాళ్ళు చెప్పవు. అతనికి ఉన్నవి రెండే: కొలిచి గీసిన బాట ఒకటి, చేతి గడియారము ఒకటి.

అదే లెక్కను తలక్రిందులు చేసి చూడవలెను. 435 సెకనులను నాలుగు చుట్లకు పంచిన, 400 మీటర్ల చుట్టు ఒక్కింటికి 108.75 సెకనులు, అనగా దాదాపు 1 నిమిషము 49 సెకనులు వచ్చును. పాఠశాల మైదానములో 200 మీటర్ల బాటయే ఉన్నచో చుట్టుకు 54 సెకనులు దాటి కొద్దిగా. ఈ ఒక్క సంఖ్య జ్ఞాపకమున్న చాలును. మొదటి చుట్టు ముగియు క్షణమున గడియారము 1 నిమిషము 30 సెకనులు చూపినచో, తాను 19 సెకనులు ముందున్నాననియు, ఈ దూకుడు నాలుగు చుట్లు నిలువదనియు అతడు తెలిసికొనును. గుంపుతో పోటీపడి మొదటి చుట్టును మితిమీరి పరుగెత్తి, మూడవ చుట్టులో నడకకు దిగువారు ఇట్టి పరీక్షలలో కొల్లలు. చుట్టుకు ఎంత కాలము పట్టవలెనో వారిలో చాలమందికి ఎవ్వరును చెప్పి యుండరు. ఏడాదిపాటు చదివిన చదువు రెండు సెకనుల తేడాతో మైదానముననే ఆగిపోవుట కద్దు కనుక, ఇది కేవలము అంకగణితపు ముచ్చట కాదు.

జరిగినది చిన్న మార్పుగా తోచును. దూరమును కాలముచే భాగించుటకు బదులు కాలమును దూరముచే భాగించుట జరిగినది. ఇది వడికి విలోమము. పరుగు పందెగాండ్రు దీనిని పేస్ అందురు. తెలుగులో పట్టుకాలము అనిన సులభముగా అర్థమగును. పాఠ్యపుస్తకములకు ఈ రాశి పరాయిది గాని పల్లెలకు కాదు. ఫలాని ఊరు ఎంత దూరమని అడిగిన ‘గంట నడక’ అనియో ‘పూట ప్రయాణము’ అనియో చెప్పువారు క్రోసులను, ఆమడలను ప్రక్కకు పెట్టి కాలముతోనే దూరమును కొలుచుచుండిరి. బాటసారికి కావలసినది చీకటి పడులోగా చేరుదునా లేదా అన్నదే గదా.

వడి మంచిదా, పట్టుకాలము మంచిదా అని వాదించుట నిష్ప్రయోజనము. చూడవలసినది వేరొకటి. ముందుగా నిర్ణయింపబడినది ఏది, పిదప కొలువబడునది ఏది? ముందుగా నిర్ణయింపబడినదానిని హారములో ఉంచినచో లెక్క సుగమమగును. పరుగు పందెములలో దూరము స్థిరము. 800 మీటర్లని, 5000 మీటర్లని ముందే ప్రకటింతురు. కొలువబడునది కాలము. కావున దూరమునకు ఇంత కాలమని చెప్పుట అచ్చట సహజము. కొన్ని పరుగులలో ఇది తారుమారగును. గంటసేపు పరుగెత్తి ఎంత దూరము పోయిరో కొలుచు పద్ధతి ఒకటి కలదు. 2020లో బ్రస్సెల్సు నగరమున మో ఫరా గంటలో 21,330 మీటర్లు పరుగెత్తెను. అమెరికా వైమానిక దళపు వైద్యుడు కెన్నెత్ కూపర్ 1968లో ప్రచురించిన పరీక్షలో కూడ కాలమే స్థిరము: 12 నిమిషములలో ఎంత దూరము పోగలిగిననది చూచి దేహదారుఢ్యమును అంచనా వేయుదురు. ఈ రెండింట వడియే తగిన ప్రమాణము.

దీని ప్రాముఖ్యము సగటు తీయునప్పుడు స్పష్టముగా కనబడును. ఒక బాలిక మొదటి కిలోమీటరును గంటకు 12 కిలోమీటర్ల వడితోను, రెండవ కిలోమీటరును 8 కిలోమీటర్ల వడితోను పరుగెత్తినది. సగటు వడి ఎంత? తరగతిలో సగము చేతులు 10 అని లేచును. నిజమునకు మొదటి కిలోమీటరుకు 5 నిమిషములు, రెండవదానికి ఏడున్నర నిమిషములు పట్టినవి. 2 కిలోమీటర్లకు పన్నెండున్నర నిమిషములనగా గంటకు 9.6 కిలోమీటర్లు. ఉపాధ్యాయుడు ఇచ్చట హరాత్మక మధ్యమము అను పెద్ద పేరు చెప్పి విద్యార్థిని బెదరించును. ఆ పేరుతో పని లేకయే, 5 నిమిషములకు, ఏడున్నర నిమిషములకు సాధారణపు సగటు తీసినచో 6 నిమిషముల 15 సెకనులు వచ్చును. అదే సరియైన సమాధానము. దూరములు సమానమైనప్పుడు పట్టుకాలములను నేరుగా సగటు తీయవచ్చును. అదే బాలిక అరగంట 12 వడితో, అరగంట 8 వడితో పరుగెత్తినచో కాలములు సమానము. అప్పుడు 10 అన్న సమాధానమే ఒప్పు, 6 నిమిషముల 15 సెకనులు తప్పు. కఠినమైన లెక్క అని పేరుపడినది నిజమునకు ప్రమాణమును తప్పుగా ఎన్నుకొనుట వలన కఠినమైన లెక్క.

అట్లని పట్టుకాలమును తలకెత్తుకొన నక్కరలేదు. దానికి రెండు దోషములు కలవు. మొదటిది వ్రాతకు సంబంధించినది. దూరము దశాంశ పద్ధతిలోను, కాలము అరువదుల పద్ధతిలోను నడుచును. నాలుగున్నర నిమిషములను ఒకరు 4.5 అనియు, వేరొకరు 4.30 అనియు వ్రాయుదురు. క్యాలిక్యులేటరుకు 4.30 ఇచ్చిన అది 4 నిమిషముల 18 సెకనులుగా గ్రహించును. కిలోమీటరుకు 12 సెకనుల తప్పు అచ్చటనే పుట్టును. నిమిషములు, సెకనులు విడివిడిగా వ్రాయుట, లేదా మొత్తమును సెకనులలోనే ఉంచుట మేలు.

రెండవ దోషము లోతైనది. పట్టుకాలములో సమానమైన మెట్లు శ్రమలో సమానమైన మెట్లు కావు. కిలోమీటరుకు 6 నిమిషముల నుండి ఐదున్నరకు తగ్గినవాడు గంటకు 10 కిలోమీటర్ల నుండి 10.9కి పెరిగినాడు. 4 నిమిషముల నుండి మూడున్నరకు తగ్గినవాడు 15 నుండి 17.1కి పెరిగినాడు. తగ్గినది ఇద్దరికిని అర నిమిషమే. వడిలో పెరుగుదల మాత్రము రెండవ వానికి రెట్టింపునకు మించినది. చదును నేలపై పరుగెత్తు మనిషి తన బరువులో కిలోగ్రాము ఒక్కింటికి, కిలోమీటరు ఒక్కింటికి సుమారు ఒక కిలోకేలరీ శక్తిని ఖర్చు చేయును. వడి మారినను ఈ విలువ అంతగా మారదు. 60 కిలోల మనిషి గంటకు 10 కిలోమీటర్ల వడితో పరుగెత్తిన గంటకు 600 కిలోకేలరీలు, 12 వడితో పరుగెత్తిన 720. అనగా గుండె, ఊపిరితిత్తులు గంటగంటకు అందింపవలసిన శక్తి వడిని అనుసరించి పెరుగును. వ్యాయామశాలలోని ట్రెడ్‌మిల్లుపై గంటకు కిలోమీటర్లు కనబడుట ఈ విధముగా సమంజసమే. నెలకు అర నిమిషము చొప్పున పట్టుకాలమును తగ్గించుకొమ్మని సలహా ఇచ్చు శిక్షకులు కొందరు కలరు. 7 నిమిషములతో ప్రారంభించిన శిష్యుడు ఆ సలహాను తుదివరకు పాటించినచో పదునాలుగవ నెలకు కాలమేమియు పట్టకుండ కిలోమీటరు దాటవలసి యుండును!

చిన్న పందెముల విషయము వేరు. 2009 ఆగస్టు 16న బెర్లిను నగరమున ఉసేన్ బోల్టు 100 మీటర్లను 9.58 సెకనులలో పరుగెత్తెను. పత్రికలు దీనిని గంటకు 45 కిలోమీటర్ల వడి అని వర్ణించి మోటారు వాహనములతో పోల్చుట పరిపాటి. ఇందు రెండు పొరపాట్లు కలవు. 9.58 సెకనులకు సగటు వడి సెకనుకు 10.44 మీటర్లు, అనగా గంటకు 37.6 కిలోమీటర్లు మాత్రమే. 60వ మీటరు నుండి 80వ మీటరు వరకు గల 20 మీటర్లను అతడు 1.61 సెకనులలో దాటెను; అచ్చట వడి గంటకు 44.7 కిలోమీటర్లు. సగటు వడి ఒకటి, ఒక భాగమున చేరిన అత్యధిక వడి మరియొకటి. పత్రిక ఈ రెండింటిని కలిపివేయును. రెండవ పొరపాటు ప్రమాణము నెన్నుకొనుటలో జరుగుచున్నది. పది సెకనులు కూడ సాగని పనికి గంట అను హారము పాఠకునికి ఏమియు బోధింపదు. సెకనుకు 10.44 మీటర్లని చెప్పినచో, సెకనులో నూరవ వంతు అనగా 10 సెంటీమీటర్లకు మించిన దూరమని వెంటనే తెలియును. ఆ సంఖ్య చాలును, గీత యొద్ద ఒకడు గెలిచి మరియొకడు ఓడుట ఎట్లు నిర్ణయింపబడునో ఊహించుటకు.

ప్రమాణములు మనుషుల ఆశలను కూడ శాసించిన సందర్భము ఒకటి కలదు. 1954 మే 6న ఆక్స్‌ఫర్డులోని ఇఫ్లీ రోడ్డు బాటపై రోజర్ బానిస్టరు మైలు దూరమును 3 నిమిషముల 59.4 సెకనులలో పరుగెత్తెను. నాలుగు నిమిషముల మైలు దాటరాని గోడ అని అంతవరకు ప్రచారములో ఉండెడిది. మైలును నాలుగు నిమిషములలో పరుగెత్తుట అనగా గంటకు సరిగా 15 మైళ్ళు. పైగా 440 గజముల చుట్టుకు సరిగా ఒక నిమిషము. నిండు సంఖ్యలు ఇన్ని ఒక్కచో కలిసినందుననే అది గోడగా తోచినది. అదే వడి మెట్రిక్కు పద్ధతిలో గంటకు 24.14 కిలోమీటర్లు, ఇట్టి బొంకర సంఖ్యను ఎవ్వరును గోడ అనరు. ఆ వడితో 1500 మీటర్లు పరుగెత్తుటకు 3 నిమిషముల 43.7 సెకనులు పట్టును. స్వీడను దేశీయుడు గుండర్ హాగ్ 1944లోనే 1500 మీటర్లను 3 నిమిషముల 43.0 సెకనులలో పరుగెత్తి యుండెను. కావున అంత దూరము వరకు ఆ వడి పదేండ్ల క్రిందటనే సాధ్యమైనది. మిగిలినది 109 మీటర్ల కొన. అలసిన దేహమునకు ఆ కొన తక్కువది కాదు, కనుక బానిస్టరు కీర్తికి దీనివలన లోటు లేదు. అయినను గోడలో సగము రాయి దేహధర్మమైతే సగము రాయి మైలు. 46 రోజులకే జాన్ లాండీ ఫిన్లాండులో ఆ కాలమును మరింత తగ్గించెను.

మన దేశమునకు సంబంధించిన నిదర్శనము మరియొకటి. 1958లో కార్డిఫు నగరమున మిల్ఖా సింగు 440 గజముల పందెమున 46.6 సెకనులతో బంగారు పతకము గెలిచెను. ఆ సంవత్సరము అక్టోబరు నుండియే భారతదేశమున మెట్రిక్కు తూనికలు, కొలతలు అమలులోకి వచ్చుట ప్రారంభమైనది. 1960లో రోము ఒలింపిక్సులో అతడు 400 మీటర్లను పరుగెత్తి నాలుగవ స్థానమున నిలిచెను. చేతి గడియారముల కాలము 45.6 సెకనులు. ఈ రెంటిని ప్రక్కప్రక్కన ఉంచి ఒక సెకను మెరుగుపడినాడనుట సరికాదు. 440 గజములు 402.336 మీటర్లు. అదనపు 2.336 మీటర్లకు అతని వడితో 0.27 సెకను పట్టును. ఆ మేరకు తీసివేసినచో మెరుగుదల మూడు వంతులకు తగ్గును. రోములో విద్యుత్ గడియారము చూపిన కాలము 45.73. పతకము పోయినది చేతి గడియారములో పదవ వంతు సెకనుతో. అతని సగటు వడిని బట్టి అది 88 సెంటీమీటర్లు.

మారథాను దూరమైన 42.195 కిలోమీటర్లను బట్టీపట్టించు ఉపాధ్యాయులు ఆ సంఖ్య ఎక్కడిదో చెప్పినచో బాగుండును. 1908 లండను ఒలింపిక్సులో విండ్సరు కోట నుండి క్రీడామందిరములోని రాజకుటుంబపు ఆసనముల ఎదుటి వరకు కొలువగా వచ్చిన 26 మైళ్ళ 385 గజములే అది. 1912లో వేరు దూరము, 1920లో మరొక దూరము పరుగెత్తిరి. 1921లో గాని లండను దూరము స్థిరపడలేదు. ఇట్టి దూరమునకు కూడ తగిన ప్రమాణము ఎంత సాయపడునో చూడుడు. 2023లో షికాగోలో కెల్విన్ కిప్టమ్ దీనిని 2 గంటల 35 సెకనులలో ముగించెను. గంటకు 21 కిలోమీటర్లని చెప్పిన విద్యార్థి తల ఊపును. 400 మీటర్ల చుట్టును 68.6 సెకనులలో దాటి, అట్టి చుట్లు నూటయైదున్నర ఆగకుండ తిరుగుట అని చెప్పి, ఒక్క చుట్టు తిరిగి రమ్మనిన అతనికి విషయము బోధపడును.

ఇంతవరకు దూరము సరిగానే కొలువబడినదని అనుకొనుట జరిగినది. మైదానములలో ఆ నమ్మకమే తరచుగా తప్పు. బాట పొడవును లోపలి అంచు వెంట కాక, అంచుగట్టు గల మొదటి వరుసలో ఆ గట్టునకు 30 సెంటీమీటర్ల వెలుపల కొలువవలెనని నియమము. అచ్చటి నుండి ఒక మీటరు వెలుపలగా పరుగెత్తినచో చుట్టుకు 6.28 మీటర్లు అధికమగును. వృత్తపు చుట్టుకొలత వ్యాసార్ధమునకు 6.28 రెట్లు గదా. ఇందు ఆశ్చర్యమేమన, బాట 200 మీటర్లదైనను 400 మీటర్లదైనను ఈ అదనము ఒక్కటే. కావున చిన్న బాటపై నష్టము రెట్టింపు. బాట లేని చతురస్రపు మైదానము అంచు వెంట తిరుగువారికి, మూలలను గుండ్రముగా తిరుగుటను బట్టియు నేరుగా మలుగుటను బట్టియు, మీటరు వెలుపలికి 6.28 నుండి 8 మీటర్ల వరకు పెరుగును.

200 మీటర్ల బాటపై ఒక అభ్యర్థి ఇట్లు మీటరు వెలుపలగా ఎనిమిది చుట్లు తిరిగి, 7 నిమిషముల 25 సెకనులు పట్టగా, పది సెకనులు వెనుకబడితినని నిరాశతో కూర్చుండినాడనుకొందము. అతడు పరుగెత్తినది 1600 కాదు, 1650 మీటర్లు. ఆ వడితోనే సరియైన 1600 మీటర్లకు పట్టు కాలము 7 నిమిషముల పదకొండున్నర సెకనులు. అతడు అప్పటికే మూడున్నర సెకనులు ముందున్నాడు.